సొంత జాగాకు అద్దె

బ్యాంకులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "సార్, ఒక పార్టీ అద్దెలకిచ్చేదానికి బిల్డింగు కడతారంట. లోను కంపెనీ పేరు మీద ఇమ్మంటారా, మనుషుల పేరు మీద ఇమ్మంటారా?" అని అడుగుతారు. రిటైరైన వాడికి ఫోన్ మోగడమే పండగ, అందులో సలహా అడిగితే ఇక చెప్పాలా. కానీ ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం నేను వెంటనే జవాబివ్వను. "ఆ పార్టీలో చదువు రానివాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. ఉన్నారంటే ఈ సంగతంతా మొదలుపెడతాను. ఇన్నిసార్లు ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇప్పుడు రాస్తున్నాను.

నా ఆఖరి బ్రాంచి మార్కాపురంలో. మాది గిద్దలూరు. రోజూ పొద్దున రైలెక్కి, కంభం, తర్లుపాడు దాటి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడినుంచి ఆటోలో ఊళ్లోకి పోయేవాణ్ని. ఆ రైల్లో నేను పూర్తి మెలకువతో ప్రయాణం చేసిన రోజు ఒక్కటీ లేదు. కిటికీకి తల ఆనిస్తే నల్లమల నీలంగా పక్కనే నడిచి వస్తుండేది. కంభం దగ్గర చల్లగాలి ఒక్క నిమిషం ముఖానికి తగిలి పోయేది. కళ్లు మూస్తే కొండలు, తెరిస్తే కంది చేలు. ఏది చూశానో, ఏది కలగన్నానో తెలిసేది కాదు. ఆ మత్తు ఆఫీసులో మధ్యాహ్నం దాకా నన్ను వదిలేది కాదు. మేనేజరు గారు ఏదో గట్టిగా ఆలోచిస్తున్నారని జనం అనుకునేవాళ్లు.

బ్రాంచిలో కునుకు తీసేవాణ్ని నేనొక్కణ్నే కాదు. మా క్యాషియరు కళ్లు తెరుచుకునే నిద్రపోగలడు, లెక్క మాత్రం ఒక్క రూపాయి తప్పేవాడు కాదు. ఆ బ్రాంచి మొత్తం మీద మేలుకుని ఉండే మనిషి లోన్లు చూసే ఆఫీసరమ్మ ఒక్కతే. పొదిలి నుంచి బస్సులో వచ్చేది. కాగితం చేతికిస్తే చివరి పేజీ నుంచి వెనక్కి చదివేది. ఎందుకమ్మా అంటే, "మోసం ఎప్పుడూ వెనకాలే ఉంటుంది సార్" అనేది. ఆమె మాట విని ఉంటే ఈ రాతే ఉండేది కాదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ముగ్గురు మనుషులు నా గదిలోకి వచ్చారు. తర్లుపాడు మండలంలో ఒక పల్లె వాళ్లది. గొర్రెలు కాసే కుటుంబం. పెద్దాయన తలపాగాతో ఉన్నాడు, చేతికర్ర బయట గోడకు ఆనించి వచ్చాడు. ఆయన తర్వాత చెల్లెలు, యాభై దాటిన మనిషి. భర్త పోయి చాలా ఏళ్లు, పిల్లల్లేరు, అన్న ఇంట్లోనే ఉంటోంది. ఆఖరివాడు తమ్ముడు, బెంగుళూరులో ఉద్యోగం. ఫైలు అతని చేతిలో ఉంది.

మార్కాపురం జిల్లా అవుతుందని అప్పట్లో ఊరంతా ఒకటే మాట. ఆఫీసులొస్తాయి, ఉద్యోగులొస్తారు, అద్దె ఇళ్లు చాలవు అని టీ బంకుల దగ్గర తెల్లవార్లూ లెక్కలు కట్టేవాళ్లు. ఊరి చివర రోడ్డు పక్కన వీళ్లకు ఎనిమిది సెంట్ల జాగా ఉంది. కింద నాలుగు అంగళ్లు, పైన ఆరు ఇళ్లు కట్టి అద్దెలకివ్వాలని వాళ్ల ఆశ. వెనకాల ఐదు సెంట్లు అన్నదమ్ములది, వాళ్ల నాయన కొనిపెట్టింది. రోడ్డు వైపు మూడు సెంట్లు మాత్రం చెల్లెలిది. ఆమె సొంత గొర్రెలు అమ్మి కొనుక్కుంది.

సొంత గొర్రెలు అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పాలి. ఆ ఇళ్లలో ఆడపిల్ల పుడితే ఒక ఆడ గొర్రెపిల్లను ఆమె పేరున వదులుతారు. దాని చెవికి ఆమె గుర్తుగా ఒక కోత వేస్తారు. ఆ గొర్రె పిల్లలకూ, వాటి పిల్లలకూ అదే కోత. అందరి గొర్రెలూ ఒకే మందలో మేస్తాయి, ఒకే దొడ్డిలో పడుకుంటాయి. కానీ అన్న గొర్రె అన్నది, చెల్లెలి గొర్రె చెల్లెలిది. పెళ్లై పోయినా, ముసలిదైనా, తన గొర్రెను తను ఎప్పుడైనా తోలుకుపోవచ్చు. ఈమె మంద అలా యాభై ఏళ్లలో పెరిగి పెరిగి మూడు సెంట్ల జాగా అయింది. ఆ జాగా, మందలో మిగిలిన కొన్ని గొర్రెలు తప్ప ఆమె పేరు మీద ఈ భూమ్మీద ఇంకేమీ లేదు.

"సార్, ఆడిటర్ గారు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెట్టమన్నాడు" అన్నాడు తమ్ముడు. "జాగాలు రెండూ కంపెనీకి రాసిస్తే, లోను కంపెనీ తీసుకుంటాది. రేపు ఏదన్నా అయినా మా మీదికి రాదంట. ట్యాక్సు కూడా తక్కువంట."

కాగితాలు పెట్టిపోండి, చూస్తానన్నాను. వాళ్లు పోయాక మా ఆఫీసరమ్మ ఫైలు వెనకనుంచి ముందుకు చదివింది.

"సార్, ఈ అద్దెలు ముగ్గురూ పంచుకుంటే ఒక్కరికీ ట్యాక్సు పడదు. పడని ట్యాక్సు తగ్గించుకునేదానికి కంపెనీ ఎందుకు సార్?"

"ఆడిటర్ చెప్పాడంట కదమ్మా."

"కంపెనీ ఉంటే ఆయనకు ప్రతి సంవత్సరం ఫీజు. అద్దెలు వచ్చినా రాకపోయినా లెక్కలు ఆడిట్ చేయించాలి, రిటర్నులు వేయాలి. పైగా మనమే ముగ్గురి దగ్గరా సొంత హామీ సంతకాలు పెట్టించుకుంటాం. ఇంక అప్పు వాళ్ల మీదికి రాకపోవడం ఎక్కడుంది?"

నూటికి నూరుపాళ్లు నిజం. కంపెనీ అప్పుకు గడువు తక్కువ, వడ్డీ కొంచెం ఎక్కువ. మనిషి పేరు మీద తీసుకుంటే తీరిగ్గా కట్టుకోవచ్చు. పెద్ద వ్యాపారస్తుడు, ఇరవై భవనాలున్నవాడు, రేపు వాటాలు అమ్ముకోవాలనుకునేవాడు కంపెనీ పెట్టుకుంటే దానికో అర్థం ఉంది. ఎనిమిది సెంట్ల జాగాకు కంపెనీ పెట్టడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఎందుకంటే ఆ సంవత్సరం పై ఆఫీసు వాళ్లు కంపెనీ లోన్లు ఎన్ని ఇచ్చారని వారానికొకసారి అడుగుతున్నారు, నా ఖాతాలో ఒక్కటీ లేదు. ఇంకా రెండేళ్లలో రిటైరవుతాను, ఈలోగా మాట పడటం దేనికని నా బాధ. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

వారం తర్వాత మళ్లీ ముగ్గురూ వచ్చారు. తమ్ముడు అన్నిటికీ తయారుగా ఉన్నాడు. పెద్దాయన, "మావోడు సదూకున్నోడు, ఎట్ల జెప్తే అట్ల" అన్నాడు. చెల్లెలు మాత్రం కుర్చీ అంచు మీద కూర్చుని, నా వంక చూసి అడిగింది. అక్కడ మేనేజరైనా తాసిల్దారైనా అన్నే, బావే.

"అన్నా, నా జాగా కంపెనీకి రాసిస్తే అది నాదిగానే ఉంటాదా?"

దీనికి సరైన జవాబు ఒక్క ముక్క. ఉండదు. కంపెనీ వేరే మనిషి కింద లెక్క. నువ్వు దానికి జాగా ఇస్తే అది దాని జాగా. నీకు దక్కేది కంపెనీలో వాటా, జాగాలో కాదు. ఇదీ చెప్పాల్సింది. ఆమెకు ఇది అర్థం కాదనుకున్నాను. నాకు మొదటినుంచీ పోలికల పిచ్చి. రైతుకు వడ్డీ గురించి చెప్పాలంటే కలుపు మొక్కలతో చెప్పేవాణ్ని. వాళ్లు తల ఊపుతుంటే నాకు కడుపు నిండేది.

"మీ మందలో నీ గొర్రెలు లేవా అమ్మా?" అన్నాను. "అన్నీ కలిసే మేస్తాయి. కానీ నీ గొర్రె నీదే కదా. కంపెనీ కూడా ఒక మందే అనుకో."

ఆమె ముఖం విచ్చుకుంది. "అట్లయితే సరేలే అన్నా. ఆ మాట ముందే జెప్తే అయిపోయేది గదా" అంది. పెద్దాయన కూడా తల ఊపాడు. పక్క టేబులు దగ్గర మా ఆఫీసరమ్మ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. నా వంక చూసింది. నేను చూడనట్టు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాను. పలక రాళ్ల లారీ ఒకటి పోతోంది, దాని వెనక సన్నటి బూడిదరంగు దుమ్ము ఎండలో నిలబడి ఉంది.

రిజిస్ట్రేషను రోజు నేను కూడా వెళ్లాను. "ఇష్టపూర్తిగానే అమ్ముతున్నావా అమ్మా?" అని అక్కడ అడిగారు. అమ్ముతున్నావా అనే మాటకు ఆమె ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. నేను తల ఊపాను. ఆమె కూడా తల ఊపింది. నా ఉద్యోగంలో ఎన్నో వేల సంతకాలు పెట్టాను, కానీ అన్నిటికన్నా బరువైన సంతకం ఆ తల ఊపడమే అనిపిస్తుంది. తర్వాత ఆమెకు కంపెనీ వాటా కాగితం ఒకటి ఇచ్చారు. దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్లి ట్రంకుపెట్టెలో దాచుకుంది.

ఇల్లు లేచింది. సాయంత్రం ఆటోలో స్టేషనుకు పోయేటప్పుడు రోజూ కనిపించేది. పునాదులు, తర్వాత స్తంభాలు, తర్వాత గోడలు. ఒక్కోరోజు ఎండ వాలే వేళకు, సున్నం వేసిన ఆ గోడలు నేలకు ఆనినట్టుండేవి కావు. రైలెక్కి కళ్లు మూసుకుంటే నాకొక కల వచ్చేది. ఆ భవనంలో కంపెనీ అనే మనిషి తిరుగుతున్నట్టు. తెల్లబట్టలు కట్టుకుని, చెప్పుల చప్పుడు లేకుండా ఒక్కో గది చూసుకుంటూ పోయేవాడు. ఆకలి లేదు, నిద్ర లేదు, చావు కూడా లేదు. ముఖం చూద్దామని వెనకాలే వెళితే ఇంకో గదిలోకి వెళ్లిపోయేవాడు. ముగ్గురు మనుషులు కలిసి పుట్టించిన మనిషి, ఆ ముగ్గురిలో ఎవరూ వాణ్ని చూడలేదు. కంభం దగ్గర గాలి తగిలి మెలకువ వచ్చేది. నవ్వుకునేవాణ్ని. బ్యాంకు పని చేసీ చేసీ ఇట్లాంటి కలలు వస్తున్నాయని ఇంట్లో చెప్పేవాణ్ని.

అద్దెలు బాగానే వచ్చాయి. నాలుగు అంగళ్లలో మూడు వెంటనే నిండాయి, పైన నర్సులు, టీచర్లు చేరారు. వాయిదాలు తారీకు తప్పకుండా పడుతున్నాయి. పై ఆఫీసు నుంచి నాకొక మెచ్చుకోలు మెయిలు కూడా వచ్చింది.

తర్వాత ఏడాది వానాకాలం మొదట్లో చెల్లెలు ఒక్కతే వచ్చింది. చేతిలో స్టాంపు కాగితం ఉంది. బస్సు దిగి నడిచి వచ్చిందేమో చీర అంచులు తడిసి ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, ఇది సదివి జెప్పు" అంది.

చదివాను. రోడ్డు వైపు కింది గది, చిన్నది, నాలుగో అంగడి. అప్పటికి ఖాళీగా ఉంది. ఇంటి యజమాని అన్నచోట కంపెనీ పేరు. అద్దెకు ఉండేవారు అన్నచోట ఆమె పేరు. నెల నెలా అద్దె ఇంత, అడ్వాన్సు ఇంత, పదకొండు నెలలకు ఖాళీ చేయవలసి వస్తే చేయాలి.

"నా మోకాళ్లు పోయినయ్యన్నా. మంద ఎంట పోలేకుండా ఉండా" అంది. "మా వదినె మంచిదే. అన్నం పెడతాది. అయినా గాని ఎన్నాళ్లని ఒకరి ఇంట్ల ఉంటాం? నా జాగాలో గది ఖాళీగా ఉండాది గదా, ఆడ ఒక పొయ్యి పెట్టుకోని, నా గడప కాడ నేను కూసుందామనుకున్నా. మా తమ్ముడేమో ఈ కాగితం పంపించినాడు, సంతకం పెట్టమని. నా గొర్రెకు నేనే పుల్లరి కట్టాలంట. ఏందన్నా ఇది?"

పుల్లరి అంటే అడవిలో గొర్రెలు మేపుకున్నందుకు కట్టే పన్ను. నాకు ఒళ్లు మండింది. తమ్ముడి మీద. సొంత అక్క దగ్గర అద్దె అడగడానికి నోరెట్లా వచ్చింది అనుకుని, ఆమె ముందే ఫోన్ చేశాను. కాస్త గట్టిగానే మాట్లాడాను. అతను అంతా విన్నాడు.

"సార్, అక్క దగ్గర అద్దె అడగడం నాకేమన్నా సంతోషమా?" అన్నాడు. "మీ బ్యాంకు లెటర్లోనే ఉంది సార్. ఆరో కండిషను. ఉచితంగా ఉంటే లోను వెనక్కి తీసుకుంటామని రాసినారు. ఆడిటర్ గారు అదే చూపించినాడు. కింద సంతకం మీదే."

ఆఫీసరమ్మ అప్పటికే ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆరో షరతు. భవనంలోని అన్ని భాగాలూ అద్దెకివ్వాలి. అద్దెలన్నీ లోను ఖాతాకే జమ కావాలి. డైరెక్టర్లు గానీ వారి బంధువులు గానీ అద్దె లేకుండా ఏ భాగాన్నీ వాడుకోకూడదు, వాడుకుంటే లోను వెనక్కి. అన్ని కంపెనీ లోన్లకూ వేసే మామూలు షరతే. నేనే టైపు చేయించాను. నా సంతకం గుండ్రంగా, అందంగా, ఏ బరువూ లేకుండా ఉంది.

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయట మళ్లీ వాన మొదలైంది. ఆమె నిలబడే ఉంది. ఇక తప్పించుకునే దారి లేదు. కుర్చీలోంచి లేచి, కంపెనీ అంటే ఏమిటో మొదటిసారి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. జాగా ఇప్పుడు నీది కాదమ్మా, కంపెనీది. నీకున్నది కంపెనీలో వాటా. ఆ వాటా మొత్తం మీద ఉంటుంది, ఈ గది నాది అని ఏ గది మీదా ఉండదు. నీ ముక్క విడగొట్టి తీసుకుంటానంటే కుదరదు.

ఆమె రొంటిన దోపుకున్న గుడ్డ మూట తీసింది. అందులో వాటా కాగితం ఉంది. దాన్ని నా టేబులు మీద పెట్టి చేత్తో సాపు చేసింది.

"ఇదే నా కోత అనుకున్నా" అంది. తర్వాత చిన్నగా, కోపం లేకుండా అంది. "మందలో ఏ గొర్రె ఎవురిదో చెవి పట్టుకుంటే తెలుస్తాది. ఈ కంపెనీకి చెవి యాడుందో సూపియ్యన్నా, పట్టుకుంటా."

క్యాషియరు కూడా ఆ మధ్యాహ్నం నిద్రపోలేదని తర్వాత చెప్పాడు.

ఆ ఆదివారం నేను వాళ్ల ఊరు వెళ్లాను. తర్లుపాడులో దిగి ఆటో పట్టుకున్నాను. రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. కొండల మీద మబ్బు కిందికి దిగి, చేలూ మనుషులూ అన్నీ పలచటి గుడ్డ వెనక ఉన్నట్టు కనిపిస్తున్నాయి. ఒక రైతు పొలంలో ఎరువు కోసం మంద కట్టారు. పెద్దాయన పాలు తాగే పిల్లలను తల్లుల దగ్గరికి వదులుతున్నాడు. వందల గొర్రెలు ఒకేసారి అరుస్తున్నాయి, వందల పిల్లలు జవాబిస్తున్నాయి. ప్రతి పిల్లా ఆ రొదలో పడి పరిగెత్తి సరిగ్గా తన తల్లి దగ్గరే ఆగింది. నేను ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో నాకే తెలీదు. చెల్లెలు గట్టు మీద కూర్చుని ఉంది.

ఇద్దరి ముందూ చెప్పాను. తప్పు తమ్ముడిది కాదు, ఆడిటరుది కూడా అంత కాదు, నాది. కంపెనీ మంద కాదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసే మందని చెప్పాను.

పెద్దాయన చేతిలోని గొర్రెపిల్లను కిందికి వదిలాడు. "తెలిసే జెప్పినారా?" అన్నాడు.

"తెలిసే."

"మాలో అయితే తప్పు కట్టాల సారూ. కులంలో కూసోబెట్టి తప్పు ఏస్తారు. మాట పెద్దదైతే పొట్టేలు."

"ఆ జరిమానా కడతాను. పొట్టేలు ఎంతవుతుందో చెప్పండి" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆయన చాలాసేపు నన్ను చూసి, ఉన్నట్టుండి నవ్వాడు. "పొట్టేళ్లు మాకాడ లేకనా? మీరు కట్టే తప్పు ఒకటే. ఇంకెవురికీ ఈ గొర్రెల కత జెప్పబాకండి" అన్నాడు. ఇప్పుడు ఇది రాస్తూ ఆ మాట కూడా తప్పుతున్నాను. ఆయన చదవడు గానీ, ఎవరైనా చదివి వినిపిస్తే క్షమించాలి.

ఆ గది అద్దె తను కడతానని పెద్దాయన చెల్లెలితో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

సోమవారం ఆఫీసరమ్మా నేనూ కూర్చుని పై ఆఫీసుకు ఉత్తరం రాశాం. రోడ్డు వైపు మూడు సెంట్లను తనఖా నుంచి వదిలేస్తే కంపెనీ తిరిగి ఆమెకు రాసిస్తుందని, అది కుదరకపోతే కనీసం ఆ ఒక్క గదికి ఆరో షరతు తీసేయమని. నా ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో అంత జాగ్రత్తగా నేను ఏ ఉత్తరమూ రాయలేదు. ఆఫీసరమ్మ వెనకనుంచి ముందుకు మూడుసార్లు చదివింది. జవాబు నలభై రోజులకు వచ్చింది. ముందు భాగం వదిలేస్తే వెనక భవనానికి రోడ్డే ఉండదు, కాబట్టి వీలుకాదు. షరతు సడలిస్తే మిగతా లోన్లకూ సడలించాలి, కాబట్టి అదీ వీలుకాదు. వాళ్ల తప్పేమీ లేదు. ఆ కుర్చీలో నేనున్నా అదే రాసేవాణ్ని. కంపెనీని మూసేసి జాగాలు మళ్లీ ముగ్గురి పేర్ల మీదికి మార్చుకోవాలంటే మళ్లీ రిజిస్ట్రేషను ఖర్చు, మళ్లీ పన్ను. పెద్దాయన మందలో సగం అమ్మినా చాలదు.

ఈ జవాబు ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు. సాయంత్రం స్టేషనుకు పోతూ ఆటో ఆపించి దిగాను. అప్పటికి ఆమె ఆ గదిలో చేరి నెల దాటింది. తమ్ముడు పంపిన కాగితం మీద సంతకం పెట్టి, అడ్వాన్సు కూడా కట్టిందట. గదిలో ఒక పొయ్యి, ఒక మంచం, ట్రంకుపెట్టె. గడప కాడ కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. రోడ్డు దుమ్ము మీద ఎర్రటి ఎండ పడి, ఊరంతా ఎవరో కంటున్న కలలా ఉంది.

కుదరలేదమ్మా అన్నాను. ఆమెకు ముందే తెలిసినట్టుంది. పీట జరిపి నాకు చోటిచ్చింది. టీ పెట్టింది. నేను తాగేదాకా ఆగింది.

"ఒకటి అడుగుతా అన్నా. ఆ పొద్దు నీకు తెలుసు గదా నా జాగా నాకుండదని. మరి ఎందుకట్ల జెప్పినావు?"

"నీకు అర్థం కాదేమోనని, అర్థమయ్యేటట్టు చెబుదామని" అన్నాను. పై ఆఫీసు టార్గెట్ల సంగతి కూడా చెప్పాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. చేట పక్కన పెట్టింది.

"అర్థమయ్యే అబద్ధం జెప్పినావన్నా. నాకు అర్థం కాని నిజమే జెప్పుంటే, అర్థం గాలేదని ఇంకోరి కాడికి పోయి అడిగుందును గదా. నువ్వు అర్థం జేసి పంపిచ్చినావు. అందుకే యాడికీ పోలేదు."

ఆ రోజు నా రైలు తప్పిపోయింది. తర్వాతి బస్సుకు గిద్దలూరు చేరాను. దారి పొడుగునా మెలకువగానే ఉన్నాను.

బాబూ, అమ్మా, ఇప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్న మీకు నేను చెప్పగలిగింది తక్కువే. ట్యాక్సుల లెక్కలు మీకు నాకన్నా బాగా తెలుసు. కంపెనీ మంచిదా మనిషి మంచిదా అన్నది ఒక్కో కుటుంబానికి ఒక్కోలా ఉంటుంది. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి "ఇది నాదిగానే ఉంటుందా" అని అడిగితే, ఉంటుందో ఉండదో ముందు ఆ ఒక్క ముక్క చెప్పండి. పోలికలు తర్వాత చెప్పుకోవచ్చు.

నేను రిటైరై కొన్నేళ్లయింది. ఆఫీసరమ్మ ఇప్పుడు వేరే ఊళ్లో మేనేజరు. ఆమె బ్రాంచిలో ఎవరూ కునుకు తీయరని విన్నాను. నా గొర్రెలమ్మ మాత్రం ఆ గదిలోనే ఉంది. గొర్రెపిల్లలు అమ్మిన డబ్బుతో ప్రతి నెలా ఐదో తారీకున తన జాగాకు తను అద్దె కట్టి రసీదు తీసుకుంటుంది. అన్న కడతానన్నా ఒప్పుకోలేదు. ఏడాది చివర కంపెనీ లాభంలో తన వాటా వస్తే, అందులోనూ పన్ను పోగా మిగిలింది తీసుకుంటుంది. అప్పు తీరడానికి ఇంకా నాలుగేళ్లుంది. తనఖా విడిపించుకున్నాక రిజిస్ట్రేషను ఖర్చులకని ముగ్గురూ ఇప్పటినుంచే కొంచెం కొంచెం పక్కన వేస్తున్నారు. తమ్ముడే ఆ మాట ముందు ఎత్తాడట.

పోయిన నెల ఆమెను చూడటానికి వెళ్లాను. నాకు షుగరు, ఆమెకు మోకాళ్లు. ఇద్దరం నాలుగేళ్లు నిలబడాలి. జాగా ఆమె పేరున తిరిగి రాసే రోజు నేను తప్పకుండా వస్తానని, దస్తావేజు మొదటి అక్షరం నుంచి చివరిదాకా నేనే చదివి వినిపిస్తానని చెప్పాను. ఆమె సంతోషపడింది. నా చేతిలో టీ గ్లాసు పెట్టింది.

"నువ్వే సదువన్నా" అంది. "ఇనేదానికి ఇంకొకర్ని పక్కన కూసోబెట్టుకుంటా."